హరికేన్లు వచ్చే ఊళ్ళో ఇంటి ఇన్సూరెన్స్ తక్కువలో తెచ్చుకోవడం ఎలా: ఫ్లోరిడాలో ఇల్లున్న మనవాళ్ళకి

పోయిన నెల మా ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు, టాంపా పక్కన ఇల్లు కొనుక్కుని మూడేళ్ళైంది వాడు. "అన్నా, మాది ముప్పై ఏళ్ళ ఫిక్స్‌డ్ లోన్ కదా, నెలనెలా కట్టేది ఒక్కసారిగా మూడొందల డాలర్లు ఎట్లా పెరిగింది, బ్యాంకు వాళ్ళు ఏదన్నా పొరపాటు చేశారా" అని అడిగాడు. పొరపాటేం లేదు. లోన్ మారలేదు, ఎస్క్రోలోంచి, అంటే ఇన్సూరెన్స్ లాంటివి కట్టడానికి లెండర్ మన దగ్గర నెలనెలా తీసి పెట్టే డబ్బులోంచి, కట్టే ఇంటి ఇన్సూరెన్స్ మారింది. రెన్యువల్ బిల్లు నేరుగా లెండర్‌కి పోయింది, ఇంటికొచ్చిన కాపీ కవరు వీడు విప్పలేదు, లెండర్ కట్టేసి ఆ లోటంతా తర్వాత నెలవారీ పేమెంట్‌లో కలిపేశాడు. ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి ఇన్సూరెన్స్ సంగతి తెలిసేది ఇలాగే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను ఏజెంట్‌ని కాదు, ఎవరి దగ్గరా నాకు కమీషన్ లేదు, పదేళ్ళుగా ఇక్కడ సొంతింట్లో ఉంటూ ప్రతి ఏడూ ఈ తలనొప్పి పడుతున్నవాణ్ణి అంతే.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది గాలి వేరు, నీళ్ళు వేరు అన్న సంగతి. మాది అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా నాయనమ్మ చెప్పినప్పుడల్లా గాలి మాట రెండు ముక్కల్లో అయిపోయేది, మిగతాదంతా నీళ్ళ గురించే. మనకి తుఫానంటే గాలీ వానా ఉప్పెనా అన్నీ కలిపి ఒకటే, కానీ ఇక్కడి ఇన్సూరెన్స్ లెక్కలో గాలికి కప్పు లేచిపోతే అది హోమ్ ఇన్సూరెన్స్, సముద్రమో వాగో పొంగి నీళ్ళు ఇంట్లోకొస్తే అది ఫ్లడ్ ఇన్సూరెన్స్, ఆ రెండూ వేర్వేరు పాలసీలు. మామూలు హోమ్ పాలసీలో ఫ్లడ్ ఉండదు. 2024 సెప్టెంబర్ 26న హెలీన్ హరికేన్ తీరం దాటింది ఎక్కడో పైన బిగ్ బెండ్‌లో, కానీ ఉప్పెన టాంపా బే ఇళ్ళల్లోకి వచ్చేసింది, సరిగ్గా 13 రోజులకి అక్టోబర్ 9న మిల్టన్ సియెస్టా కీ దగ్గర తాకింది. నీళ్ళొచ్చిన ఇళ్ళల్లో ఫ్లడ్ పాలసీ లేని వాళ్ళకి హోమ్ ఇన్సూరెన్స్ నుంచి ఆ నీళ్ళ నష్టానికి ఏమీ రాలేదు. అందుకే తక్కువ రేటు వెతికేటప్పుడు రెండూ కలిపి లెక్కెయ్యండి, ఒకటి తగ్గించుకుని రెండోది మానేస్తే అది తగ్గించుకున్నట్టు కాదు.

ఇప్పుడు అసలు పని. మనవాళ్ళు చాలామంది చేసేది ఏంటంటే రెన్యువల్ రేటు చూసి కోపం వచ్చి వెంటనే ఒక పది చోట్ల ఆన్‌లైన్ కోట్స్ తీస్తారు, అన్నీ కాస్త అటూ ఇటుగా అంతే వస్తాయి, ఇంకేం చేస్తాం అని కట్టేస్తారు. ముందు ఇంటి కాగితాలు, ఆ తర్వాతే కోట్స్. ఎందుకంటే మీ ఇంటి గురించి ఆధారం చూపించకపోతే కంపెనీ ఏదీ మంచిగా అనుకోదు, కప్పు బలహీనంగానే ఉందనుకుని రేటు వేస్తది.

ఆ కాగితాల్లో మొదటిది విండ్ మిటిగేషన్ రిపోర్ట్, అంటే మీ ఇల్లు గాలిని ఎంత తట్టుకుంటదో చెప్పే కాగితం. 1802 ఫారం అంటారు, రాష్ట్రమంతా ఒకటే ఫారం, లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి నింపి ఫొటోలతో ఇస్తాడు, మామూలుగా వంద డాలర్లకి అటూ ఇటూ అవుద్ది, ఇల్లు మార్చకపోతే ఐదేళ్ళు చెల్లుతుంది. దీని ప్రకారం డిస్కౌంట్ ఇవ్వాలని ఫ్లోరిడా చట్టంలోనే ఉంది, కంపెనీ దయ కాదు. ఇందులో చూసేవి ఇవి: ఇల్లు ఏ బిల్డింగ్ కోడ్ కింద కట్టారు, కప్పు మీద వేసిన షింగిల్స్ ఎప్పటివి, కప్పు చెక్కల్ని ఏ మేకులతో ఎంత దగ్గరగా కొట్టారు, కప్పుని గోడకి ఎట్లా బిగించారు, కప్పు ఆకారం ఏంటి, షింగిల్స్ లేచిపోయినా నీళ్ళు దిగకుండా కింద ఇంకో పొర ఉందా, కిటికీలకీ తలుపులకీ రక్షణ ఉందా. 1992లో ఆండ్రూ హరికేన్ వచ్చి మయామీ దక్షిణాన్ని నేలమట్టం చేశాక పాఠం నేర్చుకుని రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ తెచ్చారు, అది 2002 మార్చి నుంచి అమల్లోకొచ్చింది, మీ ఇల్లు దాని తర్వాత కట్టిందైతే డిస్కౌంట్ చాలావరకు తేలిగ్గా వస్తది. పాత ఇళ్ళకే ఈ రిపోర్ట్ ఎక్కువ అవసరం. ఆకారం సంగతి చెప్పాలంటే మన నాలుగు వాలుల పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి, ఇక్కడ దాన్ని హిప్ రూఫ్ అంటారు, గాలి ఏ వైపు నుంచి కొట్టినా జారిపోద్ది కాబట్టి రేటు తక్కువ. రెండు వాలుల కప్పుకి పక్క గోడ నిలువుగా గాలికి అడ్డం ఉంటది, దానికి ఎక్కువ.

మా ఇంటి సంగతి చెప్తా. 1999లో కట్టింది. ఇన్‌స్పెక్టర్ అటిక్‌లోకి, అంటే కప్పు కింద ఉండే ఖాళీలోకి, పాకి వెళ్ళి అరగంట తర్వాత చొక్కా తడిసిపోయి దిగాడు, దిగి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. ట్రస్‌ని, అంటే కప్పుని మోసే చెక్క చట్రాన్ని, గోడకి పట్టి ఉంచే రేకు పట్టీ, మెరుస్తూ ఉంది, దానికి రెండు మేకుల తలలు, మూడో బెజ్జం ఖాళీ. ఫారం ప్రకారం ఆ పట్టీకి ట్రస్ వైపు కనీసం మూడు మేకులు ఉండాలి, లేకపోతే ఇంటికి పట్టీలే లేనట్టు, ఉత్త మేకులతో ఏటవాలుగా కొట్టినట్టు లెక్క, డిస్కౌంట్ పోయింది. కట్టినవాళ్ళు ఇల్లంతా ప్రతి పట్టీకీ రెండేసి మేకులే కొట్టారు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ ఇంటికి ఎవరు ఓనరైతే వాళ్ళు ఆ ఒక్క మేకుకి ప్రతి ఏడూ ఎక్కువ కట్టారన్నమాట. దీన్ని సరిచేసే వాళ్ళు ఇక్కడ ఉన్నారు, ఒక్క పూటలో అటిక్‌లో పాకి ప్రతి పట్టీకీ మూడో మేకు కొట్టి ఫొటోలు తీసి ఇస్తారు. చేయించి మళ్ళీ రిపోర్ట్ తీసుకున్నాం, పెట్టిన ఖర్చు మాకు రెండేళ్ళు తిరక్కుండానే ప్రీమియంలో వచ్చేసింది. కాబట్టి రిపోర్ట్ రాగానే ఏజెంట్‌కి పంపేసి ఊరుకోకండి, ఫొటోలు ఒక్కొక్కటీ చూడండి, ఇన్‌స్పెక్టర్‌నే అడగండి, ఏది కాస్తలో పోయింది, ఏది బాగుచేస్తే పై తరగతికి పోద్ది అని.

కిటికీల విషయంలో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. షట్టర్లు గానీ, దెబ్బ తగిలినా తట్టుకునే ఇంపాక్ట్ గ్లాస్ గానీ పెడితే మంచి డిస్కౌంట్ వస్తది, కానీ అన్నిటికీ ఉండాలి, అద్దం ఉన్న ఒక్క చోటు వదిలేసినా మొత్తం ఇంటికి డిస్కౌంట్ పోతది. మా పక్కింటివాళ్ళు వేలకి వేలు పెట్టి కిటికీలన్నీ మార్చి ముందు తలుపు పక్కనుండే సన్నటి అద్దం వదిలేశారు, ఎంత బాధనిపించిందో. పని మొదలుపెట్టేముందే ఫారం దగ్గర పెట్టుకుని గారేజ్ డోర్, స్కైలైట్‌తో సహా లెక్కపెట్టుకోండి.

ఈ పనులకి డబ్బు సాయం చేసే మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ అని రాష్ట్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. ఉచితంగా ఇన్‌స్పెక్షన్ చేస్తారు, అర్హత ఉంటే మీరు పెట్టే ఒక్కో డాలర్‌కి వాళ్ళు రెండు డాలర్లు, 10,000 వరకు ఇస్తారు, ఆదాయాన్ని బట్టి నియమాలు ఉన్నాయి, 2008కి ముందు కట్టిన సొంత నివాసం అయ్యుండాలి. నిధులు వచ్చినప్పుడు తెరుస్తారు, అయిపోగానే మూసేస్తారు, కాబట్టి వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. వాళ్ళు ఓకే చెప్పకముందే పని చేయించేస్తే పైసా రాదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

రెండో కాగితం ఫోర్ పాయింట్ ఇన్‌స్పెక్షన్, ఇది పాత ఇళ్ళకి అడుగుతారు: కప్పు, కరెంటు, నీళ్ళ పైపులు, ఏసీ. పాత ఫెడరల్ పసిఫిక్ కరెంటు ప్యానెల్ గానీ పాలీబ్యుటిలీన్ అనే పాత రకం ప్లాస్టిక్ పైపులు గానీ ఉంటే చాలా కంపెనీలు తీసుకోవు, అవి మార్చేదాకా తక్కువ రేటు మాట మర్చిపోవడమే.

కప్పు వయసు గురించి భయపెడతారు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం కప్పుకి 15 ఏళ్ళు నిండకపోతే వయసు ఒక్కటే కారణం చూపించి పాలసీ ఇవ్వమనడానికి లేదు, 15 దాటినా మీరు ఇన్‌స్పెక్షన్ చేయించి ఇంకో ఐదేళ్ళు బతుకుద్దని చూపిస్తే వయసు పేరు చెప్పి తిప్పి పంపడానికి లేదు. "కప్పు మార్చకపోతే తీసేస్తాం" అన్న ఉత్తరం చూసి ఇరవై వేలో పాతిక వేలో అప్పు చేసే ముందు ఈ రిపోర్ట్ ఒకటి తీసుకోండి. ఎప్పుడు మార్చారో తెలియకపోతే కౌంటీ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ మీద రూఫ్ పర్మిట్ వెతకండి, తేదీతో సహా ఉంటది.

ఈ కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాక అప్పుడు ఏజెంట్ల దగ్గరికి వెళ్ళండి. ఒకే కంపెనీ పాలసీలు అమ్మే ఏజెంట్ కాకుండా పది ఇరవై కంపెనీలతో పనిచేసే ఇండిపెండెంట్ ఏజెంట్లని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకోండి, ఒకళ్ళ దగ్గర ఉన్న కంపెనీలు ఇంకొకళ్ళ దగ్గర ఉండవు. మన తెలుగు ఏజెంట్లు కూడా ఉన్నారు, మంచిదే, కానీ తెలిసినవాళ్ళు కదా అని ఒక్కళ్ళతో ఆగిపోకండి, మొహమాటానికి పోతే ఏడాదికి వెయ్యి డాలర్లు అవుద్ది. అందరికీ ఒకే లెక్కలు ఇచ్చి కోట్ అడగండి: ఇల్లు మళ్ళీ కట్టడానికయ్యే మొత్తం, అదే డిడక్టబుల్ (నష్టంలో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా), అవే అదనపు కవరేజీలు. లేకపోతే తక్కువ కోట్ ఇచ్చినవాడు ఏదో తీసేసి ఇచ్చాడో నిజంగా తక్కువో మీకు తెలీదు. ఇల్లు మళ్ళీ కట్టే ఖర్చు అంటే మార్కెట్ ధర కాదండి, స్థలం విలువ అందులో రాదు, జిల్లో సైట్ చూసి ఆరు లక్షలు కాబట్టి ఆరు లక్షలకి చెయ్యమని చెప్పకండి. అలాగని మరీ తగ్గించి రాయించుకోకండి, రేపు మేస్త్రీ కూలి, చెక్క ధర మనకోసం తగ్గవు.

డిడక్టబుల్ దగ్గరే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతినేది, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ఇక్కడ రెండు డిడక్టబుల్స్ ఉంటాయి, మామూలు నష్టానికి ఒకటి, హరికేన్‌కి ఒకటి. హరికేన్‌ది 500 డాలర్లు, లేదా 2 శాతం, 5 శాతం, 10 శాతం అని ఇస్తారు. ఈ శాతం నష్టం మీద కాదు, ఇంటికి రాసిన మొత్తం మీద. ఇంటికి 4 లక్షల డాలర్లు రాస్తే 2 శాతం అంటే 8,000, 5 శాతం అంటే 20,000. కప్పు సగం లేచిపోయి 18,000 బిల్లయితే 5 శాతం తీసుకున్నవాళ్ళకి ఒక్క డాలర్ రాదు. 2 నుంచి 5కి మారితే ప్రీమియం ఎంత తగ్గుద్దో అడగండి, ఏడాదికి 300 మాత్రమే తగ్గితే ఆ అదనపు 12,000 రిస్క్ తీసుకోవడం దండగ, 1,500 తగ్గితే, బ్యాంకులో ఆ 20,000 కదపకుండా ఉంచగలిగితే ఆలోచించొచ్చు. మా ఇంట్లో 2 శాతమే ఉంచాం, మామూలు నష్టాల డిడక్టబుల్ మాత్రం 1,000 నుంచి 2,500కి పెంచాం, చిన్న చిన్న వాటికి ఎలాగూ క్లెయిమ్ చెయ్యం కదా. ఇంకోటి, ఈ హరికేన్ డిడక్టబుల్ క్యాలెండర్ ఏడాదికి ఒక్కసారే. మొదటి హరికేన్‌కి 5,000 నష్టమై డిడక్టబుల్ దాటకపోయినా ఆ రసీదులు దాచండి, కంపెనీకి చెప్పండి, అదే కంపెనీ దగ్గర అదే ఏడాది రెండోది వస్తే ఆ 5,000 లెక్కలోకి వస్తది. హెలీన్, మిల్టన్ ఒకే ఏడాది రెండు వారాల్లో వచ్చాయని మర్చిపోకండి.

వేరే ఎక్కడ తగ్గించొచ్చంటే, సామాన్లకి మామూలుగా ఇంటి మొత్తంలో సగం దాకా రాసేస్తారు, మన ఇళ్ళల్లో అంత ఫర్నిచర్ ఎక్కడుంటది, 25 శాతానికి తగ్గించమనండి. బంగారానికి ఇందులో దొంగతనం పరిమితి చాలా తక్కువ, అది విడిగా రాయించుకోవాలి, మన ఆడవాళ్ళ నగలన్నీ ఇందులోనే కవర్ అవుతాయనుకోకండి. విడిగా షెడ్డూ గట్రా లేకపోతే ఆ కవరేజీ 10 శాతం నుంచి 2కి తగ్గించొచ్చు. తగ్గించకూడనివి కూడా చెప్తా: ఇల్లు బాగయ్యేదాకా బయట అద్దెకుండే ఖర్చు, అలాగే ఆర్డినెన్స్ అండ్ లా అనే కవరేజీ, పాత ఇంటిని బాగుచేసేటప్పుడు కొత్త కోడ్ ప్రకారం కట్టాలంటారు కాబట్టి ఆ తేడా ఇదే కడుద్ది, 25 శాతమైనా ఉండాలి.

తక్కువ కోట్ చేతికి రాగానే కప్పు గురించి ఏం రాశారో చూడండి. కొన్ని పాలసీల్లో కప్పుకి కొత్తది వేసే ఖర్చు ఇవ్వరు, వయసు తీసేసి మిగిలిందే ఇస్తారు, కొన్నిట్లో కప్పుకి విడిగా డిడక్టబుల్ ఉంటది. ఇంట్లో పైపు పగిలితే 10,000 వరకే అని కొన్నిట్లో ఉంటది. ల్యానై (ఇంటి వెనక వరండా) చుట్టూ ఉండే జాలీ చాలా పాలసీల్లో హరికేన్‌కి కవర్ కాదు. గాలి కవరేజీ మొత్తానికే తీసేసుకుంటే ప్రీమియం బాగా పడిపోద్ది, చట్టం ఒప్పుకుంటది కూడా, కానీ దానికి మీరే స్వయంగా, గాలివాన నష్టానికి నాకు ఇన్సూరెన్స్ వద్దు ఆ ఖర్చు నేనే పెట్టుకుంటా అని రాసి సంతకం పెట్టాలి. లోన్ ఉంటే లెండర్ ఒప్పుకోవాలి. పిల్లల చదువుల డబ్బు కూడా ఇంట్లోనే పెట్టి ఉన్నవాళ్ళు దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

ఎవరూ ఇవ్వకపోతే సిటిజెన్స్ అనే ఇన్సూరెన్స్ సంస్థ ఉంది, 2002లో రాష్ట్రం పెట్టింది. బయట కంపెనీ ఏదన్నా సిటిజెన్స్ రేటుకి 20 శాతం లోపు ఎక్కువతో ఇస్తానంటే మీకు సిటిజెన్స్ రాదు, ఉన్నవాళ్ళకి రెన్యువల్ కూడా అవ్వదు. అందులో ఉన్నవాళ్ళకి వేరే కంపెనీకి మారుస్తున్నాం అని ఉత్తరాలు వస్తాయి, జవాబివ్వకుండా ఊరుకుంటే వాళ్ళే మార్చేస్తారు, కాబట్టి ఆ కవర్లు విప్పండి. గాలి కవరేజీ ఉన్న సిటిజెన్స్ పాలసీకి ఫ్లడ్ పాలసీ కూడా ఉండాలన్న నియమం మెల్లమెల్లగా అందరికీ వస్తోంది, 2027 జనవరికి దాదాపు అందరికీ వర్తిస్తది.

ఫ్లడ్ పాలసీ విషయానికొస్తే, ప్రభుత్వానిది ఇంటికి 2,50,000, సామాన్లకి 1,00,000 డాలర్ల వరకే ఇస్తది. మామూలుగా కొన్న 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, తుఫాను పేరు టీవీలో వచ్చాక కొంటే లాభం లేదు. ఎక్స్ జోన్‌లో (ఫ్లడ్ మ్యాపులో ముప్పు తక్కువని చూపించిన చోట) ఉన్నాం కదా మాకెందుకు అనకండి, ఆ జోన్‌లో లెండర్ అడగడు అంతే, నీళ్ళు రావని ఎవరూ చెప్పలేదు. 2017లో హార్వీకి హ్యూస్టన్‌లో ముప్పు జోన్ బయట ఇళ్ళు ఎన్ని మునిగాయో అక్కడి మనవాళ్ళని అడగండి. ప్రైవేట్ ఫ్లడ్ కోట్ కూడా తీసి పోల్చండి, కొన్ని ఇళ్ళకి తక్కువ వస్తది. ఇల్లు కొత్తగా కొంటుంటే అమ్మేవాళ్ళ ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ మీ పేరు మీదకి మార్చుకోవచ్చు, వాళ్ళ పాత రేటు తక్కువైతే అది కూడా మీకు కలిసొస్తది. 2024 అక్టోబర్ నుంచి అమ్మేవాళ్ళు గతంలో ఫ్లడ్ క్లెయిమ్ చేశారా లేదా రాసివ్వాలి, ఆఫర్ పెట్టేముందే ఆ కాగితంతో పాటు విండ్ మిటిగేషన్ రిపోర్ట్ కూడా అడగండి. ఇల్లు నచ్చి కిచెన్ చూసి ఆఫర్ పెట్టేసి క్లోజింగ్‌కి వారం ముందు ఇన్సూరెన్స్ వెతికితే వాళ్ళు చెప్పిందే రేటు.

కంపెనీ గట్టిదా కాదా కూడా చూసుకోవాలి, 2021 నుంచి 2023 లోపు ఇక్కడ చాలా కంపెనీలు చేతులెత్తేశాయి. కంపెనీల గట్టితనాన్ని లెక్కగట్టే డెమోటెక్ వాళ్ళ 'A' రేటింగ్ ఉందో లేదో ఏజెంట్‌ని అడగండి. మునిగిన కంపెనీల క్లెయిమ్స్ రాష్ట్ర గ్యారంటీ సంస్థ తీసుకుంటది, ఇంటికీ సామాన్లకీ కలిపి 5 లక్షల డాలర్ల వరకు, కానీ ఆ డబ్బు చేతికి రావడానికి టైం పడుద్ది.

టైం విషయంలో, సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. తుఫాను గల్ఫ్‌లోకి రాగానే కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి, కవరేజీ పెంచడం కూడా కుదరదు. మీ రెన్యువల్ ఆగస్టు సెప్టెంబర్‌లో పడితే జూన్‌లోనే కోట్స్ మొదలుపెట్టండి. రెన్యువల్ ప్రీమియం 45 రోజుల ముందు చెప్పాలి, అది వచ్చిన రోజే ఏజెంట్‌కి పంపండి. కంపెనీ మారితే కొత్త పాలసీ కాగితం చేతికొచ్చాకే పాతది క్యాన్సిల్ చెయ్యండి, ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు, ఖాళీ ఉంటే లెండర్ తన తరఫున బలవంతంగా ఒక పాలసీ తీసుకుంటాడు, రేటు చాలా ఎక్కువ, అది మన సామాన్లని కూడా కవర్ చెయ్యదు. మారిన సంగతి లెండర్ ఎస్క్రో డిపార్ట్‌మెంట్‌కి మీరే చెప్పండి, పాత కంపెనీ నుంచి రిఫండ్ చెక్ మీ పేరు మీద వస్తే ఖర్చుపెట్టకుండా ఎస్క్రోలో వెయ్యండి, లేకపోతే ఏడాది తర్వాత లోటు వచ్చి మళ్ళీ పేమెంట్ పెరుగుద్ది.

క్లెయిమ్ చెయ్యాల్సి వస్తే కొత్త చట్టం ప్రకారం నష్టం జరిగిన ఏడాదిలోపు చెప్పాలి, ముందు చేసినదానికి అదనంగా అడగాలంటే 18 నెలలు. మే నెలాఖర్లో ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ వీడియో తియ్యండి, కప్పు బయట నాలుగు వైపులా, ఏసీ మీద స్టిక్కర్, బీరువాలు తెరిచి, ఫ్రిజ్ మోడల్ నంబర్ దగ్గరగా. మా ఆవిడ ప్రతి ఏడూ అది తీసి ఇండియాలో ఉన్న వాళ్ళ తమ్ముడికి వాట్సాప్‌లో పంపుద్ది, ఇక్కడ ఫోన్లు తడిసినా అక్కడ ఒక కాపీ ఉంటదని. మొదట్లో చెప్పిన టాంపా తమ్ముడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, ఇన్‌స్పెక్టర్ శనివారం వస్తున్నాడంట, పట్టీలకి మేకులు ఎన్నున్నాయో మావాడే అటిక్‌లోకెక్కి లెక్కపెడతాడంట.